భోజనానికి ముందు, భోజనానికి ముందు

కిందటి వేసవిలో మా పట్టణంలోని ఒక కల్యాణ మండపంలో పిల్లలకు ఒకరోజు రాపిడ్ చదరంగం పోటీ జరిగింది. ఆ పోటీకి నేను కంప్యూటర్ బాధ్యుణ్ణి. మా అబ్బాయి అండర్-13 విభాగంలో ఆడుతున్నందువల్ల నేను ఎలాగూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే పడి ఉంటానని గ్రహించిన నిర్వాహకులు, ఖాళీగా ఉన్న మనిషినీ ఖాళీగా ఉన్న కుర్చీనీ జత కలిపారనడం ఇంకా సరిగ్గా ఉంటుంది. నేను వృత్తిరీత్యా సహకార బ్యాంకులో పద్దులు చూస్తాను కనుక ఫైళ్ళ సంగతి నాకు తెలిసే ఉంటుందని వారు అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ప్రధాన ఆర్బిటర్, అంటే పోటీ న్యాయనిర్ణేత, వేరెవరో కాదు, హైస్కూలులో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారే. పదవీ విరమణ తర్వాత ఆర్బిటర్ పరీక్ష రాసి, జిల్లాలో ఎక్కడ పోటీ జరిగినా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని హాజరవుతున్నారు. అండర్-9, 11, 13, 15 అని విభాగాలు నాలుగు, ఒక్కోదానిలో ఏడు రౌండ్లు, ఒక్కో ఆటగాడికి 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు అదనం. జతలు వేయడానికి, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చడానికి, మన ఆర్బిటర్లు చాలామంది వాడే స్విస్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ నా లాప్‌టాప్‌లో ఉంది. అందులో ఒక్కో విభాగానికి ఒక్కో ఫైలు ఉంటుంది. పేర్లు, రంగులు, పాయింట్లు, ఎవరు ఎవరితో ఆడారన్న చరిత్ర, అన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. ఆ ఫైలు పోతే పోటీ పోయినట్టే. అందుకని మాస్టారు ఉదయాన్నే ఒక ఆజ్ఞ జారీ చేశారు. ప్రతి రౌండు తర్వాతా ఒక నకలు తీసి వేరే పేరుతో దాచాలి.

నకళ్ళకు ఏం పేరు పెట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సమయాన్నే పేరుగా పెడదామని మొదట 9:40 అని కొట్టబోయాను. పేరులో కోలన్ గుర్తు ఉండరాదని విండోస్ అడ్డుపడింది. ఆ గుర్తు మానేసి ఉత్త అంకెలు వేసినా సరిపోయేది కానీ, నాకు పట్టుదల వచ్చి, గడియారంతో పని లేకుండా కాలాన్ని చెప్పే పద్ధతి ఒకటి కనిపెట్టాను. ఆ సమయానికి హాలులో ఏం జరిగిందో అదే ఫైలు పేరు. ఆ లెక్కన మొదటి రౌండు నకలు ‘అతిథిగారి ఉపన్యాసం తర్వాత’ అయింది. రెండో రౌండు మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడు తీసినది ‘జనరేటర్ వేశాక’ అయింది. తన కూతురికి రెండుసార్లు వరుసగా నల్లపావులే ఎందుకు వచ్చాయని ఒక తండ్రి బల్ల గుద్దిన సందర్భానికి గుర్తుగా ‘నీలం చొక్కాయన గొడవ’ అనే ఫైలు వెలసింది. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలలో కొట్టిన తెలుగు పేర్లు. చూడగానే సన్నివేశం కళ్ళ ముందు మెదులుతుంది గదా అని నేను లోలోపల మురిసిపోయాను.

ఒక చిక్కు ఏమిటంటే, ప్రింటర్ నా దగ్గర లేదు. నేనూ లాప్‌టాపూ వేదిక మీద, పెళ్ళికొడుకు కూర్చునే చోట కొలువుతీరితే, ప్రింటరూ దానికి తగిలించిన పాత లాప్‌టాపూ పెళ్ళికూతురి గదిలో ఉన్నాయి. నా దగ్గరి ఫైళ్ళన్నీ పెన్ డ్రైవ్‌లో ఎక్కి, నిర్వాహకుల మేనల్లుడైన ఒక ఇంటర్మీడియట్ కుర్రాడి చేతుల మీదుగా ఆ గదికి వెళ్ళి, కాగితాలై బయటికి వచ్చి, మైదా జిగురుతో గోడకు అంటుకునేవి. దానికి తోడు విండోస్ తనంతట తానుగా ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది. స్విస్ మేనేజర్ ఫైలుకు టీయూఎన్ఎక్స్ అనే తోక, ప్రింటుకు వెళ్ళేదానికి పీడీఎఫ్ అనే తోక ఉన్నా, తెర మీద రెండూ ‘నీలం చొక్కాయన గొడవ’గానే కనబడేవి. ఆ కుర్రాడు ఏది ప్రింటు తీయాలో బొమ్మను చూసి పోల్చుకునేవాడు. నేను అతణ్ణి మెచ్చుకునేవాణ్ణి, పద్ధతి మార్చేవాణ్ణి కాదు.

మూడు రౌండ్లు ముగిసేసరికి పన్నెండున్నర అయింది. వంటశాలలో స్థలం చాలక భోజనాలు రెండు పంక్తులుగా పెట్టారు. మాస్టారు మొదటి పంక్తిలో కూర్చోవడానికి లేచి, కరెంటును నమ్మకూడదంటూ, వెళ్ళేముందు తానే స్వయంగా అండర్-9 ఫైలును పెన్ డ్రైవ్‌లోకి ఒక నకలు తీశారు. నా పద్ధతిని గౌరవించి దానికి ‘భోజనానికి ముందు’ అని పేరు పెట్టారు.

తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు 15 నిమిషాలు ఇవ్వడం లాంఛనమే. నాలుగు నిమిషాలలో సగం ఆటలు అయిపోతాయి, మిగిలిన సమయమంతా వాళ్ళు బల్లల కింద చెప్పులు వెతుక్కుంటారు. అందుచేత పెద్ద పిల్లలు అన్నం తింటూ ఉండగానే అండర్-9 వాళ్ళకు నాలుగో రౌండు కూడా ఆడించేశాం. 46 మంది, 23 బోర్డులు. ఫలితాలన్నీ ఎక్కించి, నా ఆకలి కూడా రెండో పంక్తి పిలుపును అందుకోగా, పాత పేరుతో దాచకుండా నేరుగా నా లాప్‌టాప్‌లో శ్రద్ధగా ఒక నకలు తీశాను. నేను భోజనానికి వెళ్ళబోతున్నాను. అంతకుముందు తీసిన నకలు. దానికి వేరే పేరు ఎలా వస్తుంది? ‘భోజనానికి ముందు’ అని పెట్టాను. కనీసం అక్షరాలలోనైనా తేడా వచ్చి ఉంటే బతికిపోయేవాళ్ళం. కానీ ఆయన నేర్పిన ఇంగ్లీషే నాది కావడంతో, ‘భ’కు బీ పక్కన హెచ్ పెట్టడం గురువూ మరవలేదు, శిష్యుడూ మరవలేదు.

పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, పెరుగన్నం, అరటిపండు. ఈ వరుస తర్వాత మనిషి చేయదగిన పనుల్లో ఫైళ్ళ మార్పిడి లేదని ఇప్పుడు నాకు తెలుసు. వేదిక ఎక్కి, నా కొత్త ఫైలును పెన్ డ్రైవ్‌లో వేద్దామని తెర మీద రెండు కిటికీలు పక్కపక్కనే తెరిచాను. ఎడమవైపు ‘భోజనానికి ముందు’, కుడివైపు ‘భోజనానికి ముందు’. ఏ కిటికీ ఎవరిదన్నది పైన చిన్న అక్షరాలలో రాసే ఉంది కానీ, అప్పటికి నా కళ్ళు పెద్ద అక్షరాలను కూడా బతిమాలించుకుంటున్నాయి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాని మీదికి లాగాను. ఇదే పేరుతో అక్కడ ఇప్పటికే ఒకటి ఉందని విండోస్ హెచ్చరించి మూడు దారులు చూపింది. దాని స్థానంలో దీన్ని పెట్టు, వదిలేయి, రెండింటి వివరాలు పోల్చి చూడు. ఆ మూడోది నొక్కి ఉంటే ఒకటి 12:32కు పుట్టిందనీ రెండోది 1:41కి పుట్టిందనీ కనబడేది. నేను మొదటిది నొక్కాను. లాగిన దిక్కు తలకిందులైంది. మాస్టారి పాత ఫైలు నా కొత్త ఫైలును నిశ్శబ్దంగా మింగింది.

ఆ తర్వాత ఆ ఫైలునే తెరిచాను. అది తనకు మూడు రౌండ్లే తెలుసునని నిజాయితీగానే చెప్పింది, నేనే చదవలేదు. తర్వాతి రౌండుకు జతలు వేయమన్నాను, వేసింది. జతలు వేసే నియమాలు వంటలాంటివి కావు. అవే దినుసులు ఇస్తే ఉప్పు తేడా కూడా లేకుండా అదే వంటకం వస్తుంది. మూడు రౌండ్ల లెక్కతో ఇందాక ఏ 23 జతలు వచ్చాయో, ఇప్పుడూ అవే 23 జతలు, అవే బోర్డుల మీద, అవే రంగులతో వచ్చాయి. కుర్రాడు కాగితం తెచ్చి, ‘సార్, ఇది ఇందాక అంటించాను కదా’ అన్నాడు. ‘అది పాతది, ఇది కొత్తది’ అని నేను అధికార స్వరంతో చెప్పాను. అతను పాత కాగితం మీద సరిగ్గా అంచులు కలిపి కొత్తదాన్ని అంటించాడు. రెండింటి పైనా ‘రౌండ్ 4’ అనే ఉంది.

పిల్లలు కూర్చున్నారు, గడియారాలు నొక్కారు. ఏడో బోర్డు నుంచి రెండు జడల పిల్ల ఒకతి లేచి వేదిక దగ్గరికి వచ్చింది.

‘అంకుల్, ఈ అన్నయ్యతో నేను అన్నానికి ముందే ఆడాను.’

నేను నవ్వి, ఆమెకు స్విస్ పద్ధతి గురించి వివరించాను. 1895లో జ్యూరిక్‌లో మొదలైన ఈ పద్ధతిలో ఒకసారి తలపడినవారు అదే పోటీలో మళ్ళీ తలపడరనీ, సమాన పాయింట్లు ఉన్నవారినే వీలైనంతవరకూ జతపరుస్తారనీ, ఏడు రౌండ్లతో 128 మందిలో కూడా అన్ని ఆటలూ గెలిచినవారు ఒక్కరికి మించి ఉండరనీ, ఇవన్నీ చూసుకోవడానికే కంప్యూటర్ ఉందనీ, నీవు వేరెవరినో చూసి ఈ అబ్బాయి అనుకుంటున్నావనీ చెప్పాను. ఆమె అంతా విని, ‘కానీ నేనే గెలిచాను అంకుల్, మళ్ళీ తెల్లపావులే వచ్చాయి’ అని వెళ్ళిపోయి, గడియారం నడుస్తోందన్న భయంతో ఆట మొదలుపెట్టింది.

అప్పటికి మిగతా బోర్డుల నుంచి కూడా చేతులు లేవడం మొదలైంది. విచిత్రం ఏమిటంటే, చేతులు లేపినవాళ్ళందరూ ఇందాక గెలిచినవాళ్ళు. ఓడినవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు, ముఖాలు వెలిగిపోతుండగా తల వంచుకుని ఆడుకుంటున్నారు. వార్త కిటికీల బయట నిలబడ్డ తల్లిదండ్రులకు చేరగానే వారు కూడా సరిగ్గా అదే గీత వెంబడి రెండుగా చీలిపోయారు. గెలిచిన పిల్లల తల్లిదండ్రులు నియమావళి, న్యాయం, ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) అని కేకలు వేస్తున్నారు. ఓడిన పిల్లల తల్లిదండ్రులు, మొదలైన ఆటను మధ్యలో ఆపితే పసి మనసులు గాయపడతాయని ఎంతో మృదువుగా వాదిస్తున్నారు. మన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ రాపిడ్ విజేత అయినప్పటి నుంచి మా జిల్లాలో ప్రతి తల్లికీ తన పిల్ల తర్వాతి వరుసలో ఉందన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాల మధ్య నేను మైకు కోసం తడుముకుంటున్నాను. నీలం చొక్కాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన పక్షాన న్యాయం ఉండటం నాకు మరీ ఇబ్బందిగా ఉంది.

మాస్టారు కునుకు నుంచి లేచి వచ్చి, గోడ మీది కాగితాన్నీ నా తెరనూ మార్చి మార్చి చూశారు.

‘ఏరా, భోజనానికి ముందు అంటే ఎవరి భోజనంరా?’

‘నా భోజనం మాస్టారూ.’

‘మరి నాది అన్నం కాదా?’

ఆటలు ఆపించారు. నాలుగో రౌండు ఫలితాలున్న ఫైలు లోకంలో ఇంకెక్కడా లేదని నేను నెమ్మదిగా ఒప్పుకున్నాను. మాస్టారు మాట్లాడకుండా తన బల్ల వైపు నడిచారు. కిరాణా కొట్లో బిల్లులు గుచ్చే ఇనుప తీగ లాంటిదొకటి ఆ బల్ల మీద నిలబడి ఉంది. ప్రతి ఆట కాగానే పిల్లలిద్దరూ సంతకాలు పెట్టి తెచ్చే చీటీలను ఆయన పొద్దున్నుంచీ దానికి గుచ్చుతూనే ఉన్నారు. నేను మొదటి గంటలో దాన్ని చూసి నవ్వుకున్నాను కూడా. పైనుంచి 23 చీటీలు తీస్తే, సాంబారు వేలిముద్ర ఉన్న ఒకదానితో సహా, నాలుగో రౌండు మొత్తం చేతికి వచ్చింది. అన్నిటికంటే గొప్ప సౌలభ్యం నా పొరపాటే చేసిపెట్టింది. జతలు మళ్ళీ అచ్చంగా అవే వచ్చాయి కనుక ఏమీ చెరపనక్కరలేదు, ఆ 23 గళ్ళలో పాత ఫలితాలు నింపితే చాలు. ఆయన చదువుతుంటే నేను ఎక్కించాను. పది నిమిషాలు పట్టింది.

తర్వాత ఆయన నా చేత ఎక్కాలు చెప్పించినట్టు పేర్లు చెప్పించారు. ముందు తేదీ, అదీ సంవత్సరంతో మొదలై నెల, రోజు వచ్చేలా. అలా రాయాలని 1988లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందట, అలా రాస్తే ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయట. ఆ తర్వాత విభాగం, ఆ తర్వాత రౌండు, చివర జతలు వేశామా, ఫలితాలు ఎక్కించామా అన్నది. రౌండు సంఖ్యకు రెండు అంకెలు ఉండాలన్నారు. ఉన్నవి ఏడు రౌండ్లే కదా మాస్టారూ, ముందు సున్నా ఎందుకని అడిగాను. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పదో రౌండు రెండో రౌండుకు ముందు వచ్చి కూర్చుంటుందనీ, పెద్ద పోటీకి నన్ను ఎవరైనా పిలిస్తే పనికొస్తుందనీ అన్నారు. పిలిస్తే అన్న మాటను కాస్త సాగదీశారు.

మిగిలిన మూడు రౌండ్లూ సజావుగా సాగాయి. సాయంత్రం కప్పులు పంచాక, నేను వైర్లు చుడుతూ ఉండగా రెండు జడల పిల్ల మళ్ళీ వేదిక దగ్గరికి వచ్చింది. ఆమెకు అయిదున్నర పాయింట్లు వచ్చాయి. ఆరు వచ్చినవాళ్ళతో మూడు కప్పులూ అయిపోయాయి.

‘అంకుల్, మీరు మైకులో ఆపమని చెప్పేలోపే నేను రెండోసారి కూడా గెలిచేశాను. నాలుగో ఎత్తులోనే మంత్రితో ఆటకట్టు. ఆ పాయింటు ఏ ఫైలులో పెట్టారు?’

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన ఇనుప తీగను సంచిలో సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, ‘చెప్పరా’ అన్నారు.