మందను తిట్టకండి, మంటను ఆపండి

కోత మిషన్ పోయిన మర్నాడే కొయ్యకాళ్లకు అగ్గి పెట్టి, వానాకాలం మొదలవగానే యూరియా కోసం దుకాణం ముందు చెప్పులు వరసపెట్టే ఊళ్లు మనవి. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పరు. టన్ను వరిగడ్డి కాలిస్తే అందులోని అయిదున్నర కిలోల నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. 400 కిలోల కర్బనం పొగైపోతుంది. అదే రైతు, అదే నెలలో, గొర్రెల మంద పొలం గట్టు తొక్కిందని కాపరి మీదికి కర్ర ఎత్తుతాడు. ఇది చూస్తే కడుపు రగిలిపోతుంది.

2019 పశుగణన చూడండి. దేశంలో 7.43 కోట్ల గొర్రెలుంటే తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశం మందలో దాదాపు సగం మన దగ్గరే. అయినా మన చెలకల్లో మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం దగ్గర వచ్చేది 0.5 శాతం లోపే, అంటే 'తక్కువ' అనే మాటే. మంద ఉంది, నేల ఉంది. రాత్రిళ్లు మందను పొలంలో పడుకోబెట్టి పెంటికలు, మూత్రం నేలకు అందించే 'మంద పెట్టించడం' అనే ఒప్పందం మధ్యలో తెగిపోయింది.

ఈ మధ్య కుర్రాళ్లు అమెరికా వీడియోలు చూసి కరెంటు కంచెలు, రోజుకో మడి మార్చే మేత అంటూ వస్తున్నారు. ఆసక్తిని తప్పు పట్టను. కానీ వాళ్ల ఉత్తర డకోటాలో నేల ఏడాదిలో నాలుగైదు నెలలు గడ్డకట్టి ఉంటుంది, కర్బనం నెమ్మదిగా కుళ్లుతుంది. అనంతపురంలో ఏడాదికి 550 మి.మీ. వాన, అదీ కొన్ని పెద్ద వానల్లోనే చాలావరకు పడిపోతుంది, ఆపైన నెలలకొద్దీ ఎండ. అక్కడి కర్బనం అంకెలు ఇక్కడ ఆశపెట్టి పొలం అమ్ముకునేలా చేయకండి. పశువులను మేపితే ఎడారులన్నీ పచ్చబడతాయని 2013లో జింబాబ్వే పర్యావరణవేత్త అలన్ సావరీ అన్న మాట మీద శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఇక కదిలే కంచె అంటారా, మనకు అది తరాల నుంచి ఉంది. దాని పేరు కాపరి, కుక్క, వల.

మంద పెట్టించడం అంటే ఏదో పాతకాలపు ఆచారం కాదు, పక్కా లెక్క ఉన్న పని. రాత్రి పడుకోవడానికి ఒక్కో జీవానికి చదరపు మీటరు చోటు చాలు. 500 జీవాల మంద అంటే రాత్రికి 5 గుంటలు, ఆంధ్ర లెక్కలో పన్నెండున్నర సెంట్లు. ఎకరం పూర్తవడానికి 8 రాత్రులు. ఒక్కో గొర్రె రాత్రికి సుమారు అరకిలో పెంటికలు, అరలీటరు దాకా మూత్రం వదులుతుంది. అంటే ఎకరానికి 2 టన్నుల పచ్చి పెంట, 2,000 లీటర్ల మూత్రం. రెండిటిలో కలిపి 35 కిలోల పైచిలుకు నత్రజని. అందులో మూడో వంతు అమ్మోనియాగా ఎగిరిపోయినా, మిగిలింది ఒక యూరియా బస్తా కన్నా ఎక్కువే. 45 కిలోల బస్తాలో ఉండేది దాదాపు 21 కిలోలు. దీనికి తోడు భాస్వరం, పొటాష్. బండెద్దుల కిరాయి లేదు, చల్లే కూలి లేదు.

అసలు లాభం మూత్రంలో ఉంది. దొడ్డిలో పోగుచేసి ట్రాక్టర్‌తో తోలించుకునే ఎరువులో మూత్రం ఉండదు, అది దొడ్డి నేలలోనే ఇంకిపోతుంది. ఎండి, గాలికి పొడైన గొర్రె ఎరువును ట్రాక్టర్ లెక్కన కొని మంద పెట్టించినంత మేలు జరగాలంటే జరగదు.

ఇంత మంచి పని ఎందుకు చెడుతుంది? ముందుగా, తెల్లారి మంద లేవగానే అందరూ వదిలేసి పోతారు. ఏప్రిల్, మే ఎండలో తడి మూత్రం మీద ఎండ పడితే, అందులోనూ సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో అయితే, రెండు మూడు రోజుల్లోనే అమ్మోనియా ఘాటుగా ముక్కుకు తగులుతుంది. ఆ వాసన మీ డబ్బే. అదే రోజు పొద్దున్నే గుంటక ఒక్కసారి, రెండు మూడు అంగుళాల లోతున తోలితే చాలు. రోటవేటర్ వద్దు, నాగలితో లోతు దుక్కి వద్దు. దున్నకుండా సాగు చేసేవాళ్లకు ఈ మాట నచ్చదు. కానీ బోడి నేల మీద మూత్రం ఎండనివ్వడం కన్నా ఒక్క పైపై గుంటక నయం. పచ్చని పైరు మీద మంద పెడితే మాత్రం గుంటక అక్కర్లేదు, వేర్లు లాక్కుంటాయి.

రెండో పొరపాటు అత్యాశ. ఒకే చోట మూడు నాలుగు రాత్రులు కట్టేయమంటారు. ఆ చోట వేరుశనగ తీగ మీద తీగ వేసి ఊడ దిగక కాయ తగ్గుతుంది. వరైతే ఎత్తు పెరిగి పడిపోతుంది, అగ్గితెగులు ముందుగా ఆ మడిలోనే కనిపిస్తుంది. ఒక చోట ఒక రాత్రి, ఎర్ర చెలక మరీ పేదదైతే రెండు. అంతే. వల జరిపేటప్పుడు మూలల్లో సున్నంతో గుర్తు పెట్టుకోండి. లేకపోతే కొన్ని చోట్ల రెండుసార్లు, కొన్ని చోట్ల అసలే పడకుండా పొలం పులిచారల్లా వస్తుంది.

మూడోది తడి. నల్లరేగడిలో వాన పడ్డాక మంద దింపితే గిట్టల కింద మట్టి అట్టకట్టి, ఆ పంటకాలమంతా నీళ్లు దిగవు. పిడికెడు మట్టి తీసి పిసకండి. ముద్దయి వేళ్ల మధ్య నుంచి సాగితే మందను పక్కన పెట్టండి. పొడిపొడిగా విరిగితే రమ్మనండి. ఇది జీవాలకూ మంచిది. బురదలో రాత్రంతా నిలబడితే గిట్టలు కుళ్లి కుంటుతాయి.

నాలుగోది సర్కారు తుమ్మ. ఎండాకాలంలో మంద ఆ కాయలు ఇష్టంగా తింటుంది. గింజలు అరగవు, పెంటికలతో మీ పొలంలో పడతాయి, వాన పడగానే మొలుస్తాయి. అందుకని మంద రావడానికి ముందు మూడు నాలుగు రోజులుగా ఎక్కడ మేస్తోందో అడగండి. చెరువు శిఖంలో తుమ్మ కింద మేస్తుంటే, నాలుగు రోజులు వేరే చోట మేశాక రమ్మని చెప్పండి. నట్టల మందు తాగించిన వారం కూడా వద్దు. ఐవర్‌మెక్టిన్ లాంటివి పెంటలోకి దిగి, ఆ పెంటను మట్టిలోకి లాక్కుపోయే పేడపురుగుల పిల్లలను చంపుతాయి.

ఇప్పుడు చేదు మాట. మంద పెట్టిస్తే పంట పెరుగుతుంది, నిజం. కానీ మంద ఒక్కదానితో నేలలో కర్బనం పెరుగుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఎకరంలో పైన 15 సెం.మీ. మట్టి సుమారు 850 టన్నులు. కర్బనం 0.3 నుంచి 0.4 శాతానికి రావాలంటే 850 కిలోల కర్బనం నేలలో నిలవాలి. 2 టన్నుల పచ్చి పెంటలో ఎండు పదార్థం 700 కిలోలు, అందులో కర్బనం 280 కిలోలు. మన ఎండలకు ఏడాది తిరిగేసరికి మిగిలేది 40 కిలోలు ఉంటే గొప్ప. ఆ లెక్కన ఏటా మంద పెట్టినా 20 ఏళ్ల పైనే పడుతుంది, అదీ ఉన్నది కరగకుండా ఉంటేనే. కర్బనం నిలబెట్టేవి వేర్లు. నేల మీద ఏడాదిలో ఎన్ని రోజులు పచ్చని ఆకు ఉంది, కింద ఎంత వేరు ఉంది అన్నదే అసలు సంగతి. మంద ఆ వేరుకు తిండి పెట్టే పనిమనిషి. పని చూపించకుండా మనిషిని పిలిస్తే ఏం లాభం?

అందుకే వానలకు ముందు పొడి విత్తనం గురించి గట్టిగా చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సాగులో దీన్ని నవధాన్యాల పేరుతో చేయిస్తున్నారు. బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన శుద్ధి ద్రావణం), బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడతో చేసి ఎండబెట్టిన ఎరువు) పొడి పట్టించిన విత్తనాన్ని ఏప్రిల్, మేలలో పొడి నేలలో వేసి, పైన వేరుశనగ పొట్టో వరిగడ్డో కప్పుతారు. పొట్టు లేకపోతే ఈ పద్ధతి సగం చచ్చినట్టే. తొలి జల్లుకు మొలిచిన మొక్క మర్నాటి ఎండకే మాడిపోతుంది.

మందను మేపే ఉద్దేశం ఉంటే విత్తనాల మిశ్రమం మార్చాలి. నవధాన్యాల్లో జొన్న, ఆముదం మామూలుగా కలుపుతారు. మేతకు రెండూ ప్రమాదం. మోకాలెత్తు దాటని జొన్న, అందులోనూ వాన ముఖం చాటేస్తే వాడి నిలబడ్డ జొన్న, నాము (లేత జొన్నలోని సైనైడ్ విషం) తగిలిస్తుంది. గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో జీవం పడిపోతుంది. సోడియం థయోసల్ఫేట్ ఇంజక్షన్ పట్టుకుని డాక్టర్ వచ్చేలోపు మందలో సగం పోవచ్చు. ఎకరానికి పిల్లిపెసర 3 కిలోలు, అలసంద 3, ఉలవ 3, సజ్జ 2, కొర్ర 1, మొత్తం 12 కిలోలు వేయండి. సజ్జలో నాము భయం లేదు.

45 రోజులకు చదరపు మీటరు చట్రం పెట్టి, లోపలున్నది కోసి తూకం వేయండి. ముప్పావు కిలో వస్తే ఎకరంలో 3 టన్నుల పచ్చిమేత ఉన్నట్టు. సగం తిననిచ్చి సగం వదలాలి. 30 కిలోల గొర్రె రోజుకు 3 కిలోల పచ్చిమేత తింటుంది, 500 గొర్రెలకు టన్నున్నర. అంటే ఎకరానికి ఒక్క రోజు. రెండో రోజు ఉంచితే మోళ్లు కొరుకుతాయి, మూడో రోజుకు మట్టి కనిపిస్తుంది. జానెడు మోడు మిగిలి, మిగతాది తొక్కి పరుపులా పడితే పని సరిగ్గా అయినట్టు. ఆకలి మీదున్న మందను పొద్దున్నే మంచు తడితో పప్పుజాతి పచ్చిమేతలోకి వదిలితే కడుపు ఉబ్బి చస్తాయి. ముందు ఎండుగడ్డి వేసి, ఎండ ఎక్కాక, మొదటి రోజు గంటసేపే. చిటుక రోగం టీకా వానలకు ముందే పడి ఉండాలి, ఎప్పుడూ వేయని మందకు రెండు వారాల తర్వాత మరో డోసు కావాలి. కొత్త పచ్చిక మీద పడిన మందను రాత్రికి రాత్రి ఊడ్చేసే జబ్బు అది.

జూన్‌లోనే ప్రధాన పంట వేసేవాళ్లకు ఇది కుదరదు, బలవంతం చేయను. జూలైలో వేరుశనగ, కంది వేసే చోట్ల కుదురుతుంది. జూలై మొదటికి వానలు మొండికేస్తే మాత్రం 30 రోజులకే మేపి ఆపేయండి. పచ్చిరొట్ట తాగిన తేమ తర్వాతి పంటకు అప్పివ్వలేరు.

పత్తి రైతులకు ఒక మాట. చివరి తీత అయ్యాక మోళ్లు ఫిబ్రవరి, మార్చి దాకా నిలిపితే విప్పని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది. డిసెంబరు, జనవరిలో మందను వదిలితే ఆ కాయలు తినేస్తుంది. కానీ చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారో కాపరికి దాచకుండా చెప్పండి. మూడు వారాలు కూడా దాటని చేలో మందను వదలమనడం పాపం.

కాపరుల సంగతి చెప్పకుండా ఇదంతా చెప్పడం అన్యాయం. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. జీవాలు వచ్చాయి, మేత నేల రాలేదు. బంచరాయిలు, మేత పోరంబోకులు ప్లాట్లవుతున్నాయి, ఆక్రమణలవుతున్నాయి. గట్ల మీద గడ్డికి కలుపు మందు కొడుతున్నారు. చేను కోయగానే కాల్చేస్తున్నారు. మరి మంద ఎక్కడ మేయాలి? వంద మైళ్లు నడిచి వచ్చే నల్ల దక్కని గొర్రె ఎండకూ నడకకూ పుట్టింది. మేత లేని ఊళ్లో అదీ చస్తుంది.

ఒక్క రైతు పిలిస్తే మంద రాదు, వచ్చినా రెండు రాత్రులకు పోతుంది. పక్కపక్క పొలాల వాళ్లు పదిమంది కలిసి 30, 40 ఎకరాలు ఒక చుట్టుగా చూపించాలి. సంక్రాంతి కల్లా కాపరితో మాట ఖాయం చేసుకోండి, ఏప్రిల్‌లో అడిగితే మంద ఇంకో మండలంలో ఉంటుంది. రాత్రికి ఎంత డబ్బు, ఎన్ని గింజలు, ఏ పొలం తర్వాత ఏ పొలం అన్నది ముందే తేల్చాలి. బోరు దగ్గర తొట్టి చూపించాలి, వేసవిలో 500 జీవాలకు రోజుకు 2,000 లీటర్ల పైనే నీళ్లు కావాలి. నవధాన్యాలు వేసిన చేలకు ఎర్రగుడ్డ కట్టి, 45 రోజుల దాకా ఊరి జీవాలు ఏవీ దిగకూడదని పంచాయతీలో చెప్పించాలి. మట్టి నమూనా మంద రాకముందే, ఏటా అదే నెలలో, ఎకరానికి ఎనిమిది పది చోట్ల 15 సెం.మీ. లోతున తీయించండి. మంద లేచాక తీస్తే పెంటికల ముక్కలు కలిసి లేని కర్బనం కనిపిస్తుంది.