మూసీని చూడాలంటే వంతెన దిగి నడవాలి

హైదరాబాద్ వచ్చి 14 ఏళ్లయింది. అన్నేళ్లలో మూసీ గురించి నాకు తెలిసింది ఒక్కటే, బస్సు చాదర్‌ఘాట్ బ్రిడ్జి ఎక్కగానే అందరూ ముక్కు మూసుకుంటారని. అది ఒక నది అని, అనంతగిరి కొండల్లో పుట్టి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని పట్టించుకున్నదే లేదు. పోయిన చలికాలంలో ఆఫీసులో ఒకాయన పిలిస్తే ఒక ఆదివారం పొద్దున్నే, ఊరి పాత కట్టడాలు, చెరువులు చూపిస్తూ జట్టుగా చేసే నడకల్లో ఒకదానికి వెళ్లాను. పాతిక మందిమి పురానాపూల్ దగ్గర కలిసి అఫ్జల్‌గంజ్ దాకా నడిచాం.

పురానాపూల్ 1578లో కట్టింది. చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది, దాని మీద ఇప్పుడు కూరగాయలు అమ్ముతున్నారు, మేమూ రెండు కట్టలు కొత్తిమీర కొన్నాం. అక్కడి నుంచి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగేసినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఈ సంగతి ఎక్కడో చదివే ఉంటాను కానీ, ఆ చెట్టు కింద నిలబడి తలెత్తి కొమ్మల్ని, తర్వాత నది వైపు చూసినప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో అర్థమై ఒళ్లు జలదరించింది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ నీళ్ల వెనక ఇంత చావు ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఇక అసలు నేను చెప్పదలచుకున్నది. ఈ నడకలు చాలావరకు గుమ్మటాలు, కమానుల దగ్గరే ఆగిపోతున్నాయి. లేదంటే పక్షుల కోసం అమీన్‌పూర్ చెరువుకి. దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, నాకూ చాలా ఇష్టం, రాజహంసలు దిగితే నేనూ పరిగెత్తుతాను. కానీ నీళ్లు పోయే దారి వెంట కూడా నడవాలండీ! మనవి గొలుసుకట్టు చెరువులు, పైది నిండితే మత్తడి దూకి కాలువలో పడి కిందదానికి చేరాలి. మేం పదిమందిమి మా ఇళ్ల దగ్గర చెరువు మత్తడి నుంచి అలా నడిచి చూశాం. మొదట లారీ పట్టేంత కాలువ, కాసేపటికి రెండు ప్రహరీల మధ్య సందు, ఆ తర్వాత ఒక పైపు, ఆ తర్వాత ఏమీ లేదు, సిమెంటు రోడ్డు. 2020 అక్టోబర్‌లో మా కింది పోర్షన్లన్నీ మునిగింది సరిగ్గా ఆ రోడ్డు మీదే. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన, "ఇది రోడ్డు కాదు బిడ్డా, కాలువ. మేము ఈడ చేపలు పట్టినం" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు నోట మాట రాలేదు. ఇళ్లు మునిగినప్పుడు మేమంతా డ్రైనేజీ వాళ్లని తిట్టుకున్నాం, నీళ్లకి దారే లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

అందుకే భాష గురించి కూడా అడుగుతున్నాను. ఈ మధ్య వెళ్లిన ఒక నడకలో రెండు గంటలూ ఇంగ్లీషే. చెరువు కట్ట మీద చేపలమ్మే ఆమె మా వెనకాలే కొంతదూరం వచ్చి, ఏం చెప్తున్నారో అర్థంకాక ఆగిపోయింది. ఆ చెరువు తూము ఎక్కడుందో, ఎండాకాలం నీళ్లు ఎందాక తగ్గుతాయో మాలో ఎవరికి తెలుసు, ఆమెకి తప్ప? ఈ ఊళ్లో తెలుగులో, ఉర్దూలో చెప్పని నడక ఎవరి కోసం? ఆమెని ముందు నిలబెట్టి మనం వినాలి, పిల్లల్ని తీసుకెళ్లాలి, కంపు కొట్టే చోటికీ తీసుకెళ్లాలి.

వచ్చే ఆదివారం లంగర్‌హౌజ్ బాపూఘాట్‌కి వెళ్తున్నాం. ఈసీ, మూసీ కలిసే చోటు, 1948లో గాంధీ గారి అస్థికలు కలిపింది అక్కడే. మా అమ్మ కూడా వస్తానంది, "నది అంటున్నావు, దండం పెట్టుకోవచ్చా?" అని అడిగింది, పెట్టుకోవచ్చమ్మా అన్నాను. మాట్లాడేదంతా తెలుగులోనే, ఉర్దూలో చెప్పేవాళ్లూ ఒకరు ఉన్నారు. వచ్చేవాళ్లు ఏడింటికల్లా రండి, పాత చెప్పులు వేసుకోండి.