నాకు ఇమ్యూనిటీ తక్కువట!

ఇప్పుడే లిఫ్టులోంచి బయటపడ్డాను. ఒకాయన సెంటు కొట్టుకున్నాడో, అందులో మునిగే వచ్చాడో తెలీదు. రెండంతస్తులు దాటకముందే నాకు దగ్గు, ఛాతీ పట్టేయడం, పిల్లికూతలు. ఇన్‌హేలర్ పీలుస్తుంటే జాలిగా చూసి, "ఇమ్యూనిటీ తక్కువనుకుంటానమ్మా, పెంచుకోవాలి" అన్నాడు.

పెంచుకోవాలట! బాబూ, ఉన్నదాంతోనే చస్తున్నాను. నా ఒంట్లో కాపలావాళ్లు లేక కాదు గొడవ, ఉన్నవాళ్లంతా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసే రకం. నాలాంటి అలర్జీ ఆస్తమాలో కాస్త పుప్పొడి లోపలికొస్తే చాలు. ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు ఒంటినిండా తగిలించుకుని కాచుకుని ఉన్న మాస్ట్ కణాలనే కాపలావాళ్లు హిస్టమిన్, ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు గుమ్మరిస్తాయి. నిమిషాల్లో శ్వాసనాళాల కండరం బిగుసుకుంటుంది. అక్కడితో ఆగుతుందా? హమ్మయ్య అనుకున్న కొన్ని గంటలకు ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దిగుతాయి. అసలు వాటి పని నులిపురుగులతో యుద్ధం. పురుగులేవీ దొరక్క నా శ్వాసనాళం లోపలి పొరనే కొరుక్కుతింటాయి. (ఇయోసిన్ అనే రంగు బాగా పట్టుకుంటాయని 1879లో పాల్ ఎర్లిక్ ఆ పేరు పెట్టాడు. గ్రీకులో ఇయోస్ అంటే ఉషస్సు. పేరు చూడండి, బుద్ధి చూడండి!) వీటిని ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రోటీన్‌తో పెంచి పోషించేది టీహెచ్2, ఐఎల్‌సీ2 అనే మరో రెండు రకాల కాపలా కణాలు. ఇంటర్‌ల్యూకిన్-13 సంగతి అడక్కండి, కఫమంతా దాని చలవే.

అలా పొర పుండై ఉంటుంది కాబట్టే సెంటు, చలిగాలి, గట్టిగా నవ్వడం, ఏదైనా సరే గిట్టదు. 2015లో మెపోలిజుమాబ్ అనే మందు వచ్చింది, తీవ్రమైన ఇసినోఫిల్ ఆస్తమాకి. అది చేసేదేంటి? ఇంటర్‌ల్యూకిన్-5ని అడ్డుకోవడం. అణచడం స్వామీ, పెంచడం కాదు!

అసలు లిఫ్టు ఆయన్నేం అంటాం, సొంతవాళ్లే నయం కానప్పుడు. నా చిన్నప్పుడు మా పిన్ని ఒకావిడ "పిల్ల బాగానే ఉందిగా, ఆ స్టిరాయిడ్ ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, ఆపేయక్కా" అని మా అమ్మకి నూరిపోసింది. అమ్మ ఆపేసింది. పైకి బాగున్నా లోపల వాపు అలాగే ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పాలి? కొన్ని వారాలకే అర్ధరాత్రి నన్ను ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. పిన్ని మర్నాడు చూడ్డానికొచ్చి ఏమందో తెలుసా? "దీనికి మొదట్నుంచీ ఒంట్లో శక్తి లేదక్కా."

మళ్లీ పైకెళ్లాలి. సెంటు ఇంకా లిఫ్టులోనే ఉంది. మెట్లెక్కుతున్నాను.