'కాన్ఫిడెన్షియల్' అంటే ఏది కాన్ఫిడెన్షియల్?

ఓఆథ్‌లో (పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఒక యాప్‌కి మన అకౌంట్ వాడుకునే అనుమతి ఇచ్చే పద్ధతి) యాప్ రిజిస్టర్ చేసేటప్పుడు క్లయింట్ టైప్ (ఆ యాప్ ఏ రకం) అని ఒక డ్రాప్‌డౌన్ వస్తుంది, కాన్ఫిడెన్షియలా పబ్లిక్కా అని అడుగుతుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి మొబైల్ యాప్‌కి కాన్ఫిడెన్షియల్ పెట్టేశాడు. ఎందుకు అనడిగితే "లోపల కస్టమర్ల డేటా ఉంది కదండీ, పబ్లిక్ అంటే అందరికీ కనిపిస్తుందేమో అనుకున్నా" అన్నాడు. సర్వర్ ఆ యాప్‌కి ఒక సీక్రెట్ (తనెవరో రుజువు చేసుకునే పాస్‌వర్డ్ లాంటిది) ఇచ్చింది, అతను దాన్ని యాప్ లోపలే పెట్టాడు. రివ్యూలో ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) విప్పి చూస్తే స్ట్రింగ్స్ ఫైల్లో ఆ సీక్రెట్ అక్షరం అక్షరం కనిపిస్తోంది. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు, ఆ మాట చూస్తే ఎవరికైనా తట్టే అర్థం అదే.

2012 అక్టోబర్లో వచ్చిన ఓఆథ్ 2.0 స్టాండర్డ్, ఆర్‌ఎఫ్‌సీ 6749 ఉద్దేశం వేరు. అక్కడ కాన్ఫిడెన్షియల్ అంటే తన సీక్రెట్‌ని దాచుకోగలిగే క్లయింట్, అంతే. సర్వర్‌లో నడిచే వెబ్ యాప్ దాచుకోగలదు, బ్రౌజర్లో, ఫోన్లో నడిచేవి దాచుకోలేవు. అప్పటికి ఆ లెక్క సరిపోయింది.

2015లో ఆర్‌ఎఫ్‌సీ 7591 డైనమిక్ రిజిస్ట్రేషన్ (యాప్ తనంతట తానే రిజిస్టర్ అవడం) తెచ్చాక లెక్క మారింది. ఇప్పుడు ఫోన్లో ఇన్‌స్టాల్ అయిన ఒక్కో కాపీ విడిగా రిజిస్టర్ అయి తనకంటూ ఒక సీక్రెట్ తెచ్చుకోగలదు, అది ఆ ఫోన్ దాటి పోదు. మరి ఇది కాన్ఫిడెన్షియలేనా? సీక్రెట్ భద్రంగానే ఉంది, కానీ ఆ యాప్ ఎవరిదో సర్వర్‌కి తెలీదు, పేరు కూడా అదే చెప్పుకుంది. అంటే సీక్రెట్ ఉందా అనేది ఒక ప్రశ్న, ఎవరో తెలుసా అనేది ఇంకో ప్రశ్న, ఇన్నాళ్లూ రెండింటినీ ఒకే మాటతో నెట్టుకొచ్చాం.

ఓఆథ్ తర్వాతి వెర్షన్ 2.1 మొదటి డ్రాఫ్టుల్లో దీనికోసమే 'క్రెడెన్షియల్డ్' అని మూడో రకం పెట్టారు: సీక్రెట్ లాంటి క్రెడెన్షియల్స్ ఉన్నాయి, గుర్తింపు మాత్రం నిర్ధారణ కాలేదు. తర్వాత తీసేశారు. ఇప్పుడు క్రెడెన్షియల్స్ ఉంటే కాన్ఫిడెన్షియల్, లేకపోతే పబ్లిక్. తీసేయడం మంచిదే అంటాను, ఎందుకంటే కాన్ఫిడెన్షియల్‌కీ క్రెడెన్షియల్స్ ఉంటాయి, క్రెడెన్షియల్డ్‌కీ ఉంటాయి, పేరు చూసి తేడా ఎవరు చెప్పగలరు? కానీ నిర్వచనం సూటిగా మారాక పాత పేరు అలాగే ఉంచేయడం నాకు నచ్చలేదు. ఇన్నేళ్ల లైబ్రరీలు, అడ్మిన్ స్క్రీన్లు ఆ పేరు మీదే ఉన్నాయి కాబట్టి మార్చడం కష్టం, ఒప్పుకుంటాను. అయినా డ్రాప్‌డౌన్లో ఆ మాట బదులు "ఈ కోడ్ మీ సర్వర్‌లో నడుస్తుందా, యూజర్ చేతిలోనా" అని అడగడానికి ఏ స్టాండర్డూ అడ్డురాదు.

పేరు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పీకేసీఈ (లాగిన్ మధ్యలో ఇచ్చే కోడ్‌ని ఎవరైనా కొట్టేసినా వాడుకోలేకుండా చేసే రక్షణ) 2015లో పబ్లిక్ క్లయింట్ల కోసం వచ్చింది, దాంతో "మాది కాన్ఫిడెన్షియల్, మాకెందుకు" అని వదిలేసినవాళ్లని చాలామందిని చూశా. 2025 జనవరి నాటి ఓఆథ్ భద్రతా సూచనల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 9700 కాన్ఫిడెన్షియల్ వాటికీ దాన్ని సిఫార్సు చేస్తోంది.

ఆ యాప్ ఎవరిదో తెలుసా అనే రెండో ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. యూజర్ ముందు కన్సెంట్ స్క్రీన్ వస్తుంది, యాప్ పేరు, లోగో, కింద అనుమతించు బటన్. ఆ పేరు నిజమో కాదో ఎవరైనా సరిచూశారా అన్నది క్లయింట్ టైప్ చెప్పదు, యూజర్ మాత్రం ఆ పేరు చూసే బటన్ నొక్కుతాడు.