మైక్రోకెర్నెల్‌లో ట్రేసింగ్ దండగ అన్న వాదన ఎందుకు నిలవదు

మైక్రోకెర్నెల్ (కనీస పనులే తన దగ్గర ఉంచుకుని మిగతావి బయటి ప్రాసెస్‌లకు వదిలేసే చిన్న కెర్నెల్) మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పెర్ఫార్మెన్స్ ట్రేసింగ్ (ఏ పని ఎప్పుడు జరిగిందో నమోదు చేసి వేగాన్ని పరిశీలించే) పరికరాలు చేర్చడం దండగ అన్న మాట సిస్టమ్స్ ప్రోగ్రామర్లలో బాగా చలామణిలో ఉంది. కెర్నెల్ మరీ చిన్నది కాబట్టి అందులో చూడదగిందేమీ ఉండదని, అసలు పని వేర్వేరు ప్రాసెస్‌లలో జరుగుతుంది కాబట్టి ఒక రిక్వెస్టును చివరిదాకా వెంబడించలేమని, ట్రేసింగ్ భారంతో ఐపీసీ (ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌ల మార్పిడి) ఇంకా నెమ్మదిస్తుందని, పైగా భద్రత దెబ్బతింటుందని ఆ వాదన చెబుతుంది. వీటిలో చివరి అభ్యంతరానికి మాత్రమే నిజమైన బరువు ఉంది.

కెర్నెల్ చిన్నదే. కోడ్ తన నిర్దేశాల ప్రకారమే నడుస్తుందన్న గణిత నిరూపణ 2009లో పూర్తయ్యేనాటికి ఎస్ఈఎల్4 అనే మైక్రోకెర్నెల్ సుమారు 8,700 వరుసల సీ కోడ్. కానీ ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, డ్రైవర్లు బయటికి వెళ్లిపోయినప్పుడు వాటి మధ్య సంభాషణ దాదాపుగా కెర్నెల్ గుమ్మం మీదుగానే సాగాలి. మెసేజ్ పంపే చోట, అందుకునే చోట, థ్రెడ్ మారే చోట, ఇంటరప్ట్ (పరికరం నుంచి పిలుపు) వచ్చే చోట ట్రేస్ పాయింట్లు, అంటే జరిగినదాన్ని నమోదు చేసే చిన్న కోడ్ ముక్కలు, పెడితే చాలు, సిస్టమ్ నడక మొత్తం రూపు కడుతుంది. షేర్డ్ మెమరీ ద్వారా సాగే డేటా మాత్రం ఈ లెక్కలోకి రాదు.

రెండో అభ్యంతరం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ట్రేసింగ్ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఒక ప్రోగ్రామ్ ఫైల్ చదవమని అడిగింది, జవాబు రావడానికి 900 మైక్రోసెకన్లు పట్టింది అనుకుందాం. ఫైల్ సర్వర్‌ను (ఫైళ్ల పని చూసే ప్రాసెస్) విడిగా ప్రొఫైల్ చేస్తే, అంటే అది నడిచిన సమయాన్ని కొలిస్తే, ఆ రిక్వెస్టుకు అది నడిచింది 40 మైక్రోసెకన్లే. డిస్క్ డ్రైవర్ పరికరం కోసం ఆగింది 200. రెండూ ఆరోగ్యంగానే కనిపిస్తాయి. ఐపీసీ ట్రేస్‌ను టైమ్‌స్టాంపుల వరుసలో చూసినప్పుడే, మిగిలిన 660 మైక్రోసెకన్లూ ఆ రిక్వెస్టు ఒకే థ్రెడ్ ఉన్న ఫైల్ సర్వర్ ముందు, వేరే క్లయింటు పని ముగిసేదాకా, క్యూలో పడి ఉందని బయటపడుతుంది. పిలిచినవాడు జవాబు కోసం ఆగే పద్ధతిలో ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో కెర్నెల్‌కే తెలుసు కాబట్టి గొలుసు దానంతటదే దొరుకుతుంది. అనేక రిక్వెస్టులను కలగలిపి నడిపే అసింక్రోనస్ సర్వర్‌లో అది దొరకదు. రిక్వెస్టుతో పాటు ఒక గుర్తింపు సంఖ్య ప్రయాణించాలి. ఇంటర్‌ఫేస్ వర్ణన నుంచి స్టబ్ కోడ్ (మెసేజ్‌లను కట్టి, విప్పే కోడ్) పుట్టించే పరికరంలో ఆ సంఖ్యను మోసే ఏర్పాటు ఒక్కసారి చేరిస్తే సర్వర్లన్నీ మోస్తాయి, సర్వర్ లోపలి క్యూలో దాన్ని నిలబెట్టే కొద్దిపాటి పని మాత్రం ఆ సర్వర్ రాసినవారిదే. గూగుల్ తయారుచేసిన ఫ్యూషియా ఆపరేటింగ్ సిస్టమ్ ట్రేసింగ్‌లో ఫ్లో ఈవెంట్లు ఉన్నది ఇటువంటి గొలుసును కలపడానికే. మైక్రోకెర్నెల్ మీదే నడిచే గ్నూ హర్డ్‌లోని ఆర్‌పీసీట్రేస్ అనే పరికరం అయితే కెర్నెల్‌ను ముట్టకుండా, పోర్టుల (మెసేజ్‌లు చేరే ద్వారాల) మధ్య తాను నిలబడి మెసేజ్‌లను చూపిస్తుంది.

భారం గురించిన భయానికి చరిత్ర ఉంది. 1993లో యోఖెన్ లీట్కె అనే పరిశోధకుడు 50 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్ మీద, మాక్ అనే మైక్రోకెర్నెల్‌కు సుమారు 115 మైక్రోసెకన్లు పట్టిన చిన్న మెసేజ్‌ను తన ఎల్3 కెర్నెల్‌లో 5 మైక్రోసెకన్లకు తెచ్చారు. ఆ స్థాయిలో ప్రతి ఇన్‌స్ట్రక్షనూ లెక్కే. అయితే వాడనప్పుడు దాదాపు ఏ ఖర్చూ లేని ప్రోబ్‌లు (కొలత బిందువులు) సాధ్యమని 2005లో సోలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన డీట్రేస్ అనే ట్రేసింగ్ పరికరం చూపింది. వాడేటప్పుడు కూడా ప్రాసెసర్ కోర్‌కొక బఫర్ పెట్టి, టైమ్‌స్టాంపు, ఈవెంట్ సంఖ్య, థ్రెడ్ గుర్తింపు లాక్ లేకుండా రాస్తే ఖర్చు అదుపులోనే ఉంటుంది. ప్రతి ఈవెంటునూ ఐపీసీ ద్వారా లాగ్ సర్వర్‌కు పంపే డిజైన్ మాత్రం నిజంగానే తప్పు, అది తన్ను తానే కొలుచుకుంటుంది.

ఇక భద్రత. ఎవరు ఎప్పుడు ఎవరితో మాట్లాడారో తెలిస్తే రహస్యాలు జారిపోవచ్చు. అందుకే జెనోడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రేమ్‌వర్క్‌లో ట్రేస్ సేవ 'కోర్' అనే మూల కాంపొనెంట్ ద్వారా, అనుమతి ఇచ్చిన కాంపొనెంట్లకు మాత్రమే అందుతుంది. ఎస్ఈఎల్4లో ట్రేస్ పాయింట్లు బెంచ్‌మార్క్ బిల్డ్‌లో ఎంచుకోవలసిన ఐచ్ఛికం, నిరూపణ వాటికి వర్తించదు. కాబట్టి కొలిచే బిల్డ్ వేరు, విడుదలయ్యే బిల్డ్ వేరు. ట్రేస్ పాయింట్లు లేని కెర్నెల్ మీద కూడా అదే పనిని మొత్తం సమయంతో కొలిచి, ఆ రెంటి తేడాను ఫలితాల పక్కనే రాయాలి.