పేరు గొప్ప, ఫారం దిబ్బ

భర్త అమెరికాలో, భార్య ఇండియాలో, భార్యని రప్పించుకోవడానికి భర్త వేసిన ఐ-130 పిటిషను ఈ రెంటికీ మధ్య ఎక్కడో. రెండు కుటుంబాలూ ఊపిరి బిగబట్టి కూర్చోవాల్సిన సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో ఒక పెద్దమనిషికి గుర్తొస్తుంది: "అమ్మాయి ఇంటిపేరు ఇంకా మార్చలేదేం?" దీన్ని కొందరు అనవసరపు తొందర అంటారు. వాళ్లకి లోకహితం తెలియదు. నోటరీలు, జిరాక్సు షాపులు, కొరియర్ కుర్రాళ్లు, గంట లెక్కన ఫీజు పుచ్చుకునే ఇమిగ్రేషన్ లాయర్లు, వీళ్లందరి పొయ్యి మీద ఎసరు మరుగుతోందంటే దరఖాస్తు నడుస్తుండగా పేరు మార్చుకునే దంపతుల చలవే. ఇంతటి పుణ్యకార్యాన్ని ఏ లోటూ లేకుండా జరిపించడమెలాగో పెద్దలెవరూ రాసిపెట్టకపోవడం విచారకరం.

ముందు ఆ ఇంటిపేరు అసలు ఇంటిపేరేనా అన్నది చూసుకోవాలి. అమెరికా ఫారాల్లో పేరుకి ముఖ్యంగా రెండు గళ్లు: ఫ్యామిలీ నేమ్, గివెన్ నేమ్. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ సగం కాగితాల్లో ఒక్క అక్షరం, ఒక చుక్క. పదో తరగతి మెమోలో చుక్క, డిగ్రీ పట్టాలో పూర్తి పేరు, పాన్ కార్డులో తారుమారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల సంగతి మరీ రుచికరం. అమెరికా వీసాలో వాళ్ల పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిగిపోతుంది, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాయించిన పేరు గురించి ఒక ప్రభుత్వం ఇచ్చే కితాబు అది. తర్వాత బ్యాంకు నుంచి డెంటిస్టు దాకా అందరూ ఆవిణ్ణి ఫ్నూ అని పిలుస్తారు.

ఈ మార్పిడిలో భర్తగారు కూడా ఎప్పుడో నలిగి ఉంటారు. ఆయన అమెరికా కాగితాల్లో ఇంటిపేరు గడిలో కూర్చున్నది చాలాసార్లు ఆయన సొంత పేరే. అప్పుడు భార్య తీసుకునేది అత్తవారి ఇంటిపేరు కాదు, సాక్షాత్తూ ఆయన్నే. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నారు పూర్వులు. ఇక్కడ ఆ కస్తూరి కూడా గల్లంతు. కనక మామగారు ముచ్చటపడే ఆ వంశనామం భర్త పాస్‌పోర్టులో గానీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో గానీ ఏ గడిలో ఉందో ఒకసారి తెరిచి చూశాక కొబ్బరికాయ కొట్టడం మంచిది.

పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మార్చుకు తీరాలని భారతదేశంలో ఏ చట్టమూ చెప్పదు, అమెరికాలోనూ చెప్పదు. "మార్చకపోతే ఆఫీసరు దొంగపెళ్లి అనుకుంటాడు" అన్న సిద్ధాంతం మాత్రం రెండు దేశాల్లోనూ చట్టంకన్నా గట్టిగా చలామణి అవుతోంది. ఆఫీసరు చూసేది ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీదున్న అద్దె ఒప్పందం, ఫొటోలు, ప్రయాణాలు, ఒకరి గురించి ఇంకొకరు చెప్పే జవాబులు. వాటిలో సగం పాత పేరుతోనూ సగం కొత్త పేరుతోనూ పెట్టి, మధ్యలో కలిపే కాగితం మరిచిపోతే మాత్రం ఆయనకి నిజంగానే అనుమానం వస్తుంది. అనుమానం పోగొట్టడానికి చేసిన పని అనుమానం తెచ్చిపెట్టడం, అదీ ఇందులోని అందం.

ఇక పెళ్లి సర్టిఫికెట్టు. మన రిజిస్ట్రారు ఇచ్చే కాగితంలో పెళ్లినాటి పేర్లుంటాయి. "ఇకమీదట ఈమెని ఇలా పిలవాలి" అని రాసే గడి ఉండదు. కాలిఫోర్నియాలోనైతే 2009 నుంచి పెళ్లి లైసెన్సులోనే దంపతులిద్దరిలో ఎవరైనా పెళ్లి తర్వాతి పేరు రాసుకోవచ్చు. అక్కడ రాసుకోవడం మరిచినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల భక్తి వేరు. భర్త ఇంటిపేరు తగిలించుకోవడం వరకూ పెళ్లి సర్టిఫికెట్టు ఆధారంగా నిలుస్తుంది. పనిలో పనిగా న్యూమరాలజీ ప్రకారం అసలు పేరులో ఇంకో 'ఏ', చివర ఓ 'హెచ్' చేర్చాలనుకుంటే అది పెళ్లివల్ల వచ్చిన మార్పు కాదు. దానికి ఇండియాలో అఫిడవిట్టు, పత్రికా ప్రకటనలు, గెజెట్టు, అమెరికాలో కోర్టు ఆర్డరు కావాలి. ఆ అదనపు అక్షరం శని దోషం పోగొడుతుందని హామీ ఇచ్చిన పెద్దమనిషి ఫారం నింపడానికి రాడు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే. అదృష్ట సంఖ్య మూడోసారి మారితే దురదృష్టమే.

ఇప్పుడు అసలు ఘట్టం. ఇండియాలో కాన్సులేటు ద్వారా వీసా తీసుకునేవాళ్లకి సూత్రం ఒక్కటే: పాస్‌పోర్టులో ఏ పేరుంటే వీసాలో అదే, వీసాలో ఏదుంటే గ్రీన్ కార్డులో అదే. కాబట్టి పేరు మార్చుకోవడానికి మందకొడి మార్గాలు రెండున్నాయి. ఐ-130 వేయకముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకుని అన్నిచోట్లా కొత్త పేరే రాయడం, లేదా పాత పేరుతోనే అమెరికాలో దిగి, కార్డు చేతికొచ్చాక తీరిగ్గా మార్చుకోవడం. రెండింట్లోనూ ఎవరికీ పని దొరకదు. త్యాగధనులు ఎంచుకునేది మూడోది: వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260 సమర్పించాక, ఇంటర్వ్యూకి ముందు.

మూడోదాని ఫలం చూడండి. రీఇష్యూకి 36 పేజీల పుస్తకమైతే 1,500 రూపాయలు, 60 పేజీలదైతే 2,000, తత్కాల్‌కి ఇంకో 2,000. పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి రద్దు ముద్ర వేసి ఇస్తారు. కొత్తదానికి కొత్త నంబరు. 500 కట్టి తెచ్చుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌లో మాత్రం పాత పేరూ, పాత నంబరూ అలాగే ఉంటాయి. కాబట్టి పీసీసీ మళ్లీ. డీఎస్-260 ఒకసారి సబ్‌మిట్ నొక్కాక తాళం పడిపోతుంది. దాన్ని తెరిపించాలంటే ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే అమెరికా వీసా కేంద్రం ఎన్‌వీసీకి రాసి, జవాబు కోసం చూస్తూ ఉండాలి, లేదంటే ఇంటర్వ్యూలో ఆఫీసరుకే చెప్పుకోవాలి. ఎన్‌వీసీకి అప్‌లోడ్ చేసిన పాస్‌పోర్టు పేజీ పాతది కనక కొత్తది మళ్లీ పంపాలి. మెడికల్ ఏ పాస్‌పోర్టుతో చేయించుకున్నారో చూసుకోవాలి. ముందే కొన్న విమానం టికెట్టు మీద పాత పేరుంటే ఆ ఎయిర్‌లైన్స్ వాళ్లకీ కాస్త పుణ్యం దక్కుతుంది. ఇంత జరిగినా కేసు ఆగదు, ఆలస్యమవుతుంది, అంతే. పేరు మారిందని ఐ-130 వెనక్కి తీసుకుని మళ్లీ వేయాలని సలహా ఇచ్చే మేనమామలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675, ఆ డబ్బు మేనమామ ఇవ్వడు.

ఒక చిన్న పొరపాటు చాలా పెద్ద సేవగా మారుతుంటుంది. పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు చేర్చడం వేరు, తన ఇంటిపేరు మార్చుకోవడం వేరు. మొదటిది చేయించడానికి వెళ్లి, ఏజెంటు "అదీ ఇదీ ఒకటేనండీ" అంటే రెండోది కూడా చేయించుకుని వచ్చేవాళ్లకి లెక్కలేదు. భార్యగా వీసా రావడానికి పాస్‌పోర్టులో భర్త పేరు ఉండాలన్న షరతు లేదు. ఆ బంధాన్ని చూపేది పెళ్లి సర్టిఫికెట్టు.

అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డు కోసం ఐ-485 వేసేవాళ్లది ఇంకో రకం కళ. వాళ్లు పాస్‌పోర్టు ముట్టుకోకుండానే పెళ్లి సర్టిఫికెట్టు ఆధారంగా కొత్త పేరుతో గ్రీన్ కార్డు అడగొచ్చు. మధ్యలో మనసు మారితే ఇంటర్వ్యూనాడు ఒరిజినల్ సర్టిఫికెట్టు చూపించి చెప్పొచ్చు. ఆఫీసరు ఎర్ర పెన్నుతో దిద్ది, దిద్దుబాట్లకి వరుస నంబర్లు వేసి, సంతకం పెట్టిస్తాడు. చిన్నప్పుడు డిక్టేషన్ పుస్తకంలో చూసిన ఎర్ర సిరా మళ్లీ కనిపించేది ఇక్కడే. కానీ అప్పటికే వర్క్ పర్మిట్ పాత పేరుతో వచ్చి, దాంతో సోషల్ సెక్యూరిటీ నంబరు పాత పేరుతో వచ్చి, లైసెన్సు పాత పేరుతో వచ్చి ఉంటాయి. వాటి మధ్యకి కొత్త పేరు గ్రీన్ కార్డు కొత్త కోడలిలా వస్తుంది. ఇండియా ప్రయాణమైతే టికెట్టు పాస్‌పోర్టు పేరుతో, కార్డు ఇంకో పేరుతో, రెండింటికీ సంధి కుదర్చడానికి హ్యాండ్‌బ్యాగులో పెళ్లి సర్టిఫికెట్టు. పదేళ్ల తర్వాత కూడా పెళ్లయిందని ఎయిర్‌పోర్టు కౌంటర్లో రుజువు చేసుకునే భాగ్యం అందరికీ దక్కేది కాదు.

ఇంత గందరగోళంలోనూ ఫైలు తప్పిపోకపోవడానికి కారణం పేరు కాదు, అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే తొమ్మిదంకెల ఏ-నంబరు, పుట్టిన తేదీ, వేలిముద్రలు. మనిషిని గుర్తుపట్టడానికి పేరు అక్కర్లేదని ఆ ప్రభుత్వం ఎప్పుడో తేల్చుకుంది. అయినా పేర్లన్నీ అడుగుతుంది. ఐ-130లో "ఇప్పటిదాకా వాడిన ఇతర పేర్లు" అన్నచోట పుట్టింటి పేరు, మారుపేర్లు, ముద్దుపేర్లు కూడా రాయమంటుంది. తనిఖీలు జరిగేది ఈ పేర్ల మీదే. పాత పేరు దాచేస్తే కొత్త పేరు శుభ్రంగా కనబడుతుందని భ్రమపడేవాళ్లున్నారు. దాచిన పేరు డిగ్రీ పట్టాలోనో పాత వీసాలోనో పైకి తేలినప్పుడు ఇంకా ఆధారాలు పంపమంటూ ఆర్‌ఎఫ్‌ఈ అనే నోటీసు వస్తుంది, లేదా ఇంటర్వ్యూ పొడుగవుతుంది. గళ్లు చాలకపోతే చివర అదనపు సమాచారం పేజీ ఉంది. చుక్కతో ఉన్నది, చుక్క లేనిది, ఎక్స్‌తో రాసిన లక్ష్మి, కేఎస్‌హెచ్‌తో రాసిన లక్ష్మి, అన్నీ రాయాలి. బుజ్జి సంగతి ఎవరి అంతరాత్మ వారిది. కానీ ఫారం చివర సంతకం పెట్టేది అబద్ధమాడితే శిక్షకి ఒప్పుకుంటూ అని మరవకూడదు. వీటికి తోడు "ఈ పేర్లన్నీ ఒక్కరివే" అని స్టాంపు పేపరు మీద ఒక అఫిడవిట్టు ఉంటే నోటరీ ఇంట కూడా దీపం వెలుగుతుంది.

దిగాక మార్చుకుంటామన్న పిరికివాళ్లకి ఖర్చు ఇలా ఉంటుంది. డీఎస్-260లోనే సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలని టిక్కు పెడితే అది వీసా పేరుతో ఇంటికొస్తుంది. తర్వాత పేరు మార్చాలంటే ఎస్ఎస్-5 ఫారం, ఫీజు లేదు. ముందు సోషల్ సెక్యూరిటీ, ఆ తర్వాతే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ. ఈ వరుస తిరగేస్తే డీఎంవీ క్యూ రెండుసార్లు. గ్రీన్ కార్డులో పేరు మార్చడానికి ఐ-90, 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీద 465. తప్పు వాళ్లు అచ్చేసిందైతే ఫీజు లేదు, కానీ అది వాళ్ల తప్పేనని మనం రుజువు చేయాలి. పెళ్లయి రెండేళ్లు నిండకుండా వచ్చినవాళ్లకి ఇచ్చేది రెండేళ్ల షరతు కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో షరతు తీసేయమని ఎలాగూ ఐ-751 వేయాలి. అంతదాకా ఓపిక పడితే కొత్త పేరు, ఆధారం కాగితం అందులోనే పెట్టేయొచ్చు, ఐ-90 ఫీజు మిగులుతుంది. ఇంకా ఓపికున్నవాళ్లకి పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 ఉంది. సిటిజన్ భర్తతో కలిసుంటే గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్లకే వేసుకోవచ్చు. జడ్జి ముందు ప్రమాణం జరిగే చోట ఏ పేరు కావాలంటే ఆ పేరు ఆ ఫారంలోనే కోరుకోవచ్చు, విడిగా ఫీజు లేదు. న్యూమరాలజిస్టు ఇచ్చిన 'హెచ్' కూడా అక్కడ ఫ్రీ. మూడేళ్లు ఎవరాగుతారండీ, మామగారు ఆగొద్దూ?

పేరు బొత్తిగా పొడుగైతే, అంటే వెంకట, సత్య, నాగ, లక్ష్మి అని నలుగురు దేవుళ్లూ ఒకే మనిషిలో కొలువైతే, కార్డు మీద చోటు చాలక తోక కోసేస్తారు. కోసింది ఏ దేవుణ్ణో మనం ఎంచుకునే వీలు లేదు.

ఇంత కాగితంలోనూ ఒక్క చోటుంది. ఐ-130లో భార్య మాతృభాష రోమన్ అక్షరాల్లో రాసేది కాకపోతే, ఆ లిపిలోనే పేరూ చిరునామా రాయమని అడుగుతారు. అక్కడ రెండు గళ్ల బాధ ఉన్నా, లక్ష్మికి ఎక్సా కేఎస్‌హెచ్చా అన్న ప్రశ్న లేదు. ఫారం ప్రింటు తీసి, నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాల్లో, ఒత్తులూ దీర్ఘాలూ తప్పకుండా రాస్తారు. ఫారం మొత్తం మీద పేరు సరిగ్గా ఉండేది ఆ గడిలోనే. దాన్ని చదవగలిగినవాళ్లు ఆ ఆఫీసులో లేరు కాబోలు, దాని మీద మాత్రం ఆర్‌ఎఫ్‌ఈ రాదు.