వాగు ఒడ్డు పొరలు పోతే వయసు చెప్పేదెవరు?

ములుగు జిల్లా గుండ్లవాగులో ఆదిమానవుడి రాతి చేతిగొడ్డలి దొరికిందన్న వార్త వచ్చినప్పుడు చర్చంతా అది ఎన్ని లక్షల ఏళ్ల నాటిదన్న దాని చుట్టూనే తిరిగింది. వాగులో విడిగా దొరికిన రాయి ఆ లెక్క చెప్పలేదు. చెప్పగలిగింది అది ఊడిపడిన కంకర పొర ఒక్కటే. ఇసుక లారీల బాటల కోసం ఒడ్లను చదును చేసిన ప్రతిసారీ, రోడ్ల కోసం మొరం తవ్విన ప్రతిసారీ ఉత్తర తెలంగాణలో అలాంటి పొరలే ఎవరూ చూడకుండా మాయమవుతున్నాయి.

పొరలో ఉన్న గొడ్డలికీ కొట్టుకొచ్చిన గొడ్డలికీ తేడా కంటికే కనిపిస్తుంది. రెండు వైపులా పెచ్చులు లేపిన గుంటల మధ్య గట్లు వేలికి పదునుగా తగిలితే ఆ రాయి ఎక్కువ దూరం ప్రయాణించలేదని అర్థం. గట్లు అరిగి నున్నబడితే వరదలు దాన్ని ఎక్కడి నుంచో దొర్లించుకొచ్చాయని అర్థం.

చెదరని పొర విలువేమిటో చెన్నై సమీపంలోని అత్తిరంపాక్కం నిరూపించింది. 1863లో భూగర్భ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అక్కడ రాతి పనిముట్లను గుర్తించారు. దాదాపు 150 ఏళ్ల తర్వాత పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం అదే చోట పొర తర్వాత పొరగా తవ్వి, అట్టడుగు చేతిగొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది. నేలపై పడి ఉన్న రాయిలో అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల అల్యూమినియం-26, బెరీలియం-10 పరమాణువులు పుడతాయి. రాయి లోతుగా పూడుకుపోయాక అవి వేర్వేరు వేగాలతో తరిగిపోతాయి కాబట్టి, మిగిలిన నిష్పత్తిని బట్టి అది ఎంతకాలంగా మట్టి కింద ఉందో లెక్కకడతారు. పూడిన చోటే చెదిరిపోతే ఈ లెక్కకు ఆధారమే ఉండదు.

ఆ విలియం కింగే 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు, ప్రాణహిత–గోదావరి లోయ శిలలపై 1881లో సవివరమైన నివేదిక రాశాడు. బొగ్గు చుట్టూ సింగరేణి వెలసింది. అదే లోయలోని రాతి పనిముట్లకు మాత్రం అత్తిరంపాక్కం స్థాయి తవ్వకం నేటికీ దక్కలేదు. దీనికి నిధుల కొరతను మించిన కారణం, చరిత్ర అంటే రాజులు, శాసనాలు, గుళ్లు అనే మన అలవాటు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఓరుగల్లు గర్వించింది, గర్వించాల్సిందే. కానీ పాఖాల అనగానే కాకతీయుల చెరువు గుర్తొచ్చే మనకు, ఆ పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ప్రసిద్ధమైన శిలాశ్రేణి ఉందనీ, అందులోని క్వార్ట్‌జైట్ గొడ్డలి చెక్కడానికి చక్కగా పనికొచ్చే గట్టి రాయి అనీ ఏ బడిలోనూ చెప్పరు. శాసనం వేయించలేని మనిషికి మన చరిత్రలో చోటు లేకుండా పోయింది.

ఇళ్లకు ఇసుక కావాలి, కొన్ని రాళ్ల కోసం పనులు ఆపుతారా అని అడిగేవారున్నారు. ఆపమని ఎవరూ అనడం లేదు. రేవులోని ఇసుక ఏటి వరదతో మళ్లీ మేట వేస్తుంది. ఎత్తైన పాత ఒడ్డులోని కంకర పొర ఒకసారి తెగితే మళ్లీ రాదు.

అందుకే ఏటూరునాగారం, మంగపేట వైపు గోదావరి తీరంలో ఇసుక తవ్వే రీచ్‌లకు, మొరం క్వారీలకు అనుమతి ఇచ్చే ముందు పురావస్తు, భూగర్భ శాస్త్ర నిపుణులు ఒడ్డు కోతలను పరిశీలించి ఫొటోలు, కొలతలతో నమోదు చేయాలన్న షరతును రాష్ట్ర ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. పనిముట్లు కనిపించిన పొర ఉన్నంత మేర తవ్వకాన్ని పక్కకు జరపాలి. కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులను ఈ సర్వేలో భాగం చేయాలి, అదీ వచ్చే రీచ్‌ల వేలం కంటే ముందే.